గూడెంలో బల్బు ఒక్క ఇంటి సంగతి కాదు



ఈసారి పోస్టు బల్బు గురించి. నవ్వొద్దు. 1/70 చట్టం, జీవో నంబర్ 3, పోడు పట్టాలు, హాస్టళ్ళ సమస్యలు ఇన్ని ఉండగా బల్బు మీద ఇంత పొడుగు పోస్టా అని కొందరు అనుకుంటారు. అనుకున్నా పర్లేదు, చివరిదాకా చదవండి. చదివాక ఒప్పుకోకపోతే గట్టిగా అడగండి, జవాబు చెప్తాం.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ఇళ్ళల్లో ఇంకా వేలాడుతున్న పాత పసుపు బల్బులు, రాత్రంతా వెలిగే జీరో బల్బులు, చోక్ ఉన్న ట్యూబ్ లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టుకోవాలి. బిల్లు తగ్గుతుందని చెప్పట్లేదు. మనలో చాలామందికి బిల్లే రాదు. గూడెం మొత్తం ఒకే తీగ మీద బతుకుతోంది కాబట్టి చెప్తున్నాం. లైను మొదట్లో ఉన్న ఇల్లు వాడే కరెంటుకి, లైను చివర ఇంట్లో పదో తరగతి చదివే చెల్లి పుస్తకం మీద పడే వెలుతురుకి సంబంధం ఉంది. ఆ సంబంధం గురించే ఈ పోస్టు.

"ఫ్రీ కరెంటే కదా" అనే మాట

ఊళ్ళో ఎల్‌ఈడీ గురించి మాట ఎత్తితే మొదట వచ్చే జవాబు ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల వరకు ఉచితం. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. అక్కడ 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. మన గూడేల్లో 200 దాటే ఇళ్ళు తక్కువే. అందుకే మామయ్యలు, పెదనాన్నలు అంటారు, "ఆ పది రూపాయల బల్బు వెలుగుతానే ఉంది గదా, దాన్ని తీసి వంద పెట్టి ఇంకోటి కొనడం దేనికిరా?" అని. వాళ్ళ లెక్కలో తప్పు లేదు. వాళ్ళు డబ్బు లెక్క వేస్తున్నారు. మనం కరెంటు లెక్క కూడా వేసి చూపించాలి.

1000 వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. 60 వాట్ల పాత బల్బు రోజుకి 5 గంటలు వెలిగితే నెలకి 9 యూనిట్లు. దాని బదులు 9 వాట్ల ఎల్‌ఈడీ అంతే సేపు వెలిగితే నెలకి 1.35 యూనిట్లు. వెలుతురేమీ తగ్గదు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు, మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ ఇచ్చేది 800 నుంచి 900. పాత బల్బు తీసుకునే కరెంటులో 5 శాతం దాకా మాత్రమే వెలుతురు అవుతుంది, మిగతాదంతా వేడి. నిజం చెప్పాలంటే అది కొంచెం వెలుతురు ఇచ్చే పొయ్యి.

జీరో బల్బు సంగతి ఇంకా విచిత్రం. పేరులోనే జీరో ఉంది కాబట్టి కరెంటు తినదనుకుంటారు. మామూలు జీరో బల్బు 15 వాట్ల దాకా లాగుతుంది. రాత్రి 10 గంటలు వెలిగితే నెలకి 4.5 యూనిట్లు. అంటే చదువుకోవడానికి పెట్టుకున్న ఎల్‌ఈడీ కంటే, నిద్రపోయేటప్పుడు వెలిగే జీరో బల్బు మూడు రెట్లు ఎక్కువ తింటోంది. దాని బదులు అర వాటు ఎల్‌ఈడీ నైట్ బల్బు దొరుకుతుంది.

ఒక్క ఇల్లు కాదు, నలభై ఇళ్ళు

ఇప్పుడు గూడెం లెక్క చూద్దాం. 40 ఇళ్ళు, ఇంటికి మూడు పాత బల్బులు. సాయంత్రం ఏడింటికి అన్నీ వెలిగితే 7200 వాట్లు. అవే ఎల్‌ఈడీలైతే 1080 వాట్లు. మన గూడేలకి వేసే ట్రాన్స్‌ఫార్మర్లు చిన్నవి. 15, 16 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద సగం బరువు బల్బులదే అయితే, టీవీలు, ఫ్యాన్లు, మిక్సీలు, బియ్యం మర మోటార్లు వేటి మీద నడవాలి? ఫ్యూజు ఎగిరిపోతుంది. ఒకోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. కాలితే కొత్తది కొండ ఎక్కడానికి ఎన్ని రోజులు పడుతుందో మీకు మేం చెప్పక్కర్లేదు.

ఈఈఈ చదివే తమ్ముళ్ళు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. చవక ఎల్‌ఈడీల పవర్ ఫ్యాక్టర్ తక్కువ కదా, లైను మీద అసలు బరువు 9 వాట్ల కంటే ఎక్కువ ఉంటుంది కదా అని. నిజమే. పవర్ ఫ్యాక్టర్ 0.5 అనుకుందాం. ఒక్కో బల్బు 18 వీఏ. 120 బల్బులకి 2160 వీఏ. అప్పుడు కూడా పాత బల్బుల బరువులో మూడో వంతు లోపే.

కొండ ఊట నుంచి పైపు వేసి తెచ్చుకున్న గ్రావిటీ కుళాయిల గురించి మనకి బాగా తెలుసు. పైన ఇళ్ళవాళ్ళు కుళాయి వదిలేస్తే కింద చివరి ఇంటికి ధార సన్నబడిపోతుంది. ఊట ఎండలేదు, నీళ్ళు దారిలోనే అయిపోయాయి. కరెంటు తీగ కూడా అంతే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సన్న తీగ మీద దూరం పోయేకొద్దీ, మధ్యలో ఇళ్ళు ఎక్కువ లాగేకొద్దీ, చివరికి వోల్టేజ్ పడిపోతుంది. నీళ్ళ విషయంలో మన పెద్దలు కూర్చుని కట్టుబాటు పెట్టారు, ఎవరు ఎప్పుడు పట్టుకోవాలో చెప్పారు. కరెంటు విషయంలో అలాంటి మాట ఇంకా జరగలేదు. జరగాలి.

వోల్టేజ్ పడితే ఏ బల్బు ఏం చేస్తుంది

మన దేశంలో ఇళ్ళకి రావలసింది 230 వోల్టులు. నిబంధన ప్రకారం 6 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చు, అంటే 216 కంటే తగ్గకూడదు. అది 160కి పడిందనుకోండి. పాత బల్బు వెలుతురు మామూలులో మూడో వంతు కూడా రాదు. వోల్టేజ్ కొంచెం తగ్గినా దాని వెలుతురు చాలా ఎక్కువ తగ్గిపోతుంది, ఫిలమెంటు స్వభావం అది. నిప్పుకణంలా ఎర్రగా కనిపిస్తుందే తప్ప అక్షరం కనపడదు. చోక్ ట్యూబ్ లైటయితే టపటపా కొట్టుకుంటూ ఉంటుంది, అంటుకోదు. స్టార్టర్ తిప్పి తిప్పి విసుగొచ్చి వదిలేస్తాం.

మంచి డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీ అలా కాదు. లోపల ఉన్న చిన్న సర్క్యూట్ బయట వోల్టేజ్ ఎగిరినా పడినా దీపానికి ఒకే రకంగా కరెంటు పంపిస్తుంది. కొన్ని డబ్బాల మీద 100 నుంచి 300 వోల్టులు అని రాసి ఉంటుంది. అంటే మైదానంలో ఎల్‌ఈడీ బిల్లు తగ్గించే వస్తువు, మన దగ్గర మాత్రం చదువు ఆగకుండా చూసే వస్తువు. ఏజెన్సీలో ఎల్‌ఈడీ విలువ ఇదీ. దీన్ని ఎవరూ మనకి ఇలా చెప్పలేదు. కరెంటు ఆదా చేయండి అని పోస్టర్ అంటించి పోయారు.

"ఎల్‌ఈడీ మూడు నెలలకే పోయింది" అనే మాట

ఇది కూడా నిజమే, కొట్టిపారేయలేం. సంతలో 30, 40 రూపాయలకి పేరు ఊరు లేని బల్బులు అమ్ముతారు. వాటిల్లో చాలావాటికి సరైన డ్రైవర్ ఉండదు. వోల్టేజ్ పడితే మినుకుమినుకుమంటాయి, ఒక్కసారి పెరిగితే మాడిపోతాయి. అవి కొని "ఎల్‌ఈడీలే దండగ" అనుకోవడం, కల్తీ విత్తనాలు వేసి పంటే దండగ అనుకున్నట్టు.

కొనేటప్పుడు నాలుగు చూడండి. ఒకటి, బల్బు మీద బీఐఎస్ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 16102 అనే నంబరు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు. రెండు, డబ్బా మీద బీఈఈ స్టార్ లేబుల్. మూడు, పనిచేసే వోల్టేజ్ ఎంత నుంచి ఎంత వరకు అన్నది. మన లైనుకి కింది అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. నాలుగు, గ్యారంటీ. కొన్న తేదీ రాయించుకుని డబ్బా దాచమని అమ్మకి చెప్పండి. గ్యారంటీ లోపల పోతే మార్చి ఇవ్వాల్సిందే, మొహమాటపడొద్దు.

రంగు విషయం కూడా చెప్పాలి. తెల్లగా ఉండేదీ దొరుకుతుంది, పసుపుగా ఉండేదీ దొరుకుతుంది. వానాకాలం పురుగుల బాధ మనకి ఎక్కువ. పసుపు రంగు ఎల్‌ఈడీకి పురుగులు తక్కువ వస్తాయి. అరుగు మీద, వంట దగ్గర అది పెట్టుకుంటే మేలు.

ఎక్కడ పెట్టాలి అన్నది ఇంకా ముఖ్యం. మన పెంకుటిళ్ళలో బల్బు పైన దూలానికి కడతారు. పొయ్యి పొగకి గోడలు, దూలాలు నల్లబడి ఉంటాయి, వెలుతురంతా అవే మింగేస్తాయి. పుస్తకానికి 3 మీటర్ల పైన ఉన్న బల్బుని మీటరున్నర ఎత్తుకి దించితే, పుస్తకం మీద నేరుగా పడే వెలుతురు నాలుగు రెట్లు అవుతుంది. పైసా ఖర్చు లేదు, కొంచెం వైరు చాలు. వారానికోసారి బల్బు మీద మసి తుడవండి, స్విచ్ ఆపి, చల్లారాక.

ఒక మినహాయింపు కూడా చెప్తాం. కోడిపిల్లలకి వెచ్చదనం కోసం గంప కింద పెట్టే పాత బల్బు ఉంచుకోండి. అక్కడ కావలసింది వేడే.

నీళ్ళు మనవి, వెలుగు ఎవరిది

ఇప్పుడు అసలు కడుపుమంట విషయానికి వద్దాం. "మనకి బల్బులు మార్చమని చెప్పేవాళ్ళు ముందు కరెంటు సరిగ్గా ఇవ్వమనండి" అని అడిగే మిత్రులు ఉంటారు. వాళ్ళ కోపం న్యాయమైనదే.

మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది, 120 మెగావాట్లు. ఆ తర్వాత ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు 460 మెగావాట్లు. ఈ నీళ్ళు పుట్టేది, పారేది మన కొండల్లో. ఆ టవర్లు మన పోడు భూముల మీదుగా, మన ఇళ్ళ నెత్తి మీదుగా మైదానానికి పోయాయి. కింద గూడేల్లో మాత్రం మన తాతలు, నానమ్మలు కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని చీకట్లు గడిపారు. ఆ బుడ్డి పొగ పీల్చుకుంటూ చదివిన మొదటి తరంవాళ్ళే మన ఊళ్ళల్లో మొదటి టీచర్లయ్యారు.

లెక్కలు ఎలా రాస్తారో కూడా తెలుసుకోవాలి. ఒక గ్రామంలో బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్లతో పాటు 10 శాతం ఇళ్ళకి కరెంటు ఉంటే చాలు, ఆ గ్రామానికి విద్యుదీకరణ అయినట్టు లెక్క. దేశంలో అన్ని గ్రామాలకీ కరెంటు వచ్చేసిందని 2018 ఏప్రిల్‌లో ప్రకటించింది ఈ లెక్క ప్రకారమే. మిగతా ఇళ్ళ కోసం 2017లో సౌభాగ్య పథకం పెట్టారు. రెవెన్యూ గ్రామానికి కరెంటు ఉంటే కొండ మీద ఉన్న దాని శివారు గూడేనికి కూడా ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. కాగితం వెలగదు కదా.

ఎల్‌ఈడీల కథ కూడా అలాగే చూడాలి. కేంద్రం 2015 జనవరి 5న ఉజాలా మొదలుపెట్టింది. దేశమంతటికీ కలిపి ఒకేసారి పెద్ద ఎత్తున కొనడంతో, 2014లో 310 రూపాయలకి కొన్న బల్బు 2016కి 38 రూపాయలకి దిగింది. ఇది నిజంగా గొప్ప పనే, ఒప్పుకోవాలి. 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. 2021లో గ్రామ ఉజాలా పేరుతో, పనిచేసే పాత బల్బు ఇస్తే 10 రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చే పని అయిదు రాష్ట్రాల్లో కొన్ని జిల్లాలతో మొదలైంది. మన రాష్ట్రంలో దానికి ఎంచుకున్నది విజయవాడ ప్రాంతం. కొండ మీద గూడెం ఆ మొదటి జాబితాలో లేదు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులో విశాఖని చీకటి చేస్తే, నెలల్లోనే ఆ నగరం వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలుగా మార్చారు. మంచిదే. తలచుకుంటే ఎంత తొందరగా చేయగలరో దాని వల్ల మనకి తెలిసింది. ఆ తొందర మన వైపు ఎందుకు రాదు అన్నదే మన ప్రశ్న.

అయితే ఈ కోపంతో పాత బల్బులే వెలిగిస్తూ కూర్చుంటే ఎవరికి నష్టం? పాడేరులో, ఉట్నూరులో, భద్రాచలంలో ఆఫీసు గదుల వెలుతురు తగ్గదు. తగ్గేది మన చెల్లి పుస్తకం మీద. అదీగాక, లో వోల్టేజ్ అని ఫిర్యాదు చేస్తే వచ్చే మొదటి జవాబు "మీవాళ్ళు లోడు ఎక్కువ వాడుతున్నారు" అనేదే. మనం గూడెం మొత్తం ఎల్‌ఈడీకి మారి, ఆ లెక్క కాగితం మీద పెట్టి అడిగితే ఆ జవాబు చెల్లదు. అప్పుడు కూడా వోల్టేజ్ పడుతోందంటే తీగ సన్నదైనా అయ్యుండాలి, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనా దూరమైనా అయ్యుండాలి. అది వాళ్ళ పని. బల్బు మార్చుకోవడం హక్కు వదులుకోవడం కాదు, హక్కు అడగడానికి చేతిలో ఆధారం పెట్టుకోవడం.

తీగ చేరని గూడేలు

కొండ చివర గూడేలకి ఇప్పుడు సోలార్ వస్తోంది. పీవీటీజీల కోసం 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో, లైను వేయలేని ఇళ్ళకి 300 వాట్ల సోలార్ ఇవ్వాలని ఉంది. ఆ పలక ఎండ బాగా ఉన్న రోజు 4 గంటలు పూర్తిగా పనిచేస్తే 1.2 యూనిట్లు. నాలుగు పాత 60 వాట్ల బల్బులు 5 గంటలు వెలిగితే సరిగ్గా అంతే తినేస్తాయి. ఫోన్ ఛార్జింగ్‌కి కూడా మిగలదు. నాలుగు ఎల్‌ఈడీలైతే 0.18 యూనిట్. వానాకాలం మబ్బు పట్టి పావు వంతే కరెంటు తయారైనా ఇంట్లో దీపం ఆరదు. సోలార్ ఇంటికి ఎల్‌ఈడీ లేకపోతే సోలారే లేనట్టు. కాబట్టి సోలార్‌తో ఇచ్చిన బల్బు పోయినప్పుడు సంతలో పాత బల్బు కొనుక్కోకుండా, ఆ సిస్టమ్‌కి సరిపోయే ఎల్‌ఈడీయే పెట్టుకోవాలని అక్కడివాళ్ళకి చెప్పాల్సింది మనమే. వాళ్ళ భాషలో చెప్పాలి. కువిలో, కోయలో, గోండిలో, సవరలో, ఆదివాసీ ఒడియాలో చెప్పగలిగేది మనమే.

ఏం చేద్దాం

సంక్రాంతికో, ఇటుకల పండగకో, ఎండాకాలం సెలవులకో మనందరం ఇళ్ళకి పోతాం. ఆ నాలుగు రోజుల్లో ఈ పని చేద్దాం.

మొదటిది, మీ గూడెంలో ఇల్లిల్లూ తిరిగి బల్బులు లెక్కపెట్టండి. పాత బల్బులు ఎన్ని, జీరోవి ఎన్ని, ట్యూబ్ లైట్లు ఎన్ని, ఎల్‌ఈడీలు ఎన్ని. ఒక నోటుబుక్కు, ఒక సాయంత్రం చాలు.

రెండోది, ఊరి పెద్దల్ని, డ్వాక్రా సంఘం అక్కల్ని కూర్చోబెట్టి 40 ఇళ్ళ లెక్క చెప్పండి. కుళాయి పోలిక చెప్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. అందరూ కలిసి పెట్టెలుగా కొంటే ధర తగ్గుతుంది, నకిలీ సరుకు భయం ఉండదు. అన్నీ ఒకేసారి మార్చలేని ఇంట్లో మొదటి ఎల్‌ఈడీ చదువుకునే చోట పెట్టాలి. ఈ ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టండి.

మూడోది, ఐటీఐ, డిప్లొమాలో ఎలక్ట్రికల్ చదివినవాళ్ళు సాయంత్రం ఏడింటికి మల్టీమీటర్‌తో లైను మొదటి ఇంట్లో, మధ్య ఇంట్లో, చివరి ఇంట్లో వోల్టేజ్ చూసి తేదీతో రాయండి. బల్బులు మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి. చేయి తిరిగినవాళ్ళే చేయండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. 216 కంటే తక్కువ ఉంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ నంబరు, ఈ లెక్క జతచేసి సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, ఐటీడీఏ గ్రీవెన్స్ రోజున ఇంకో కాపీ ఇవ్వండి. రసీదు లేకుండా తిరిగి రావొద్దు.

నాలుగోది, పోయిన ఎల్‌ఈడీలు గెడ్డలో పారేయొద్దు, ఒకచోట పోగుచేయండి. చాలాసార్లు లోపల వరసగా ఉన్న చిన్న చిప్పుల్లో ఒక్కటి మాడి నల్ల చుక్క పడితే బల్బు మొత్తం ఆరిపోతుంది. ఎలక్ట్రికల్ నేర్చినవాళ్ళు వాటిని బాగుచేయగలరు, మన పిల్లలకి ఊళ్ళోనే ఒక చేతిపని అవుతుంది. పాత సీఎఫ్ఎల్ బల్బులు మాత్రం పగలగొట్టొద్దు, వాటిల్లో పాదరసం ఉంటుంది.

హాస్టళ్ళు, ఆశ్రమ పాఠశాలల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా స్టడీ హాల్లో వెలిగేవి ఎన్ని, వెలగనివి ఎన్ని లెక్క రాసి వార్డెన్ సారుకో మేడంకో మర్యాదగా ఇవ్వండి. ఒకరి పేరుతో కాకుండా క్లాసు మొత్తం సంతకాలతో ఇవ్వండి.

ఇది పెద్ద ఉద్యమం కాదని మాకు తెలుసు. భూమి పోరాటం భూమి పోరాటమే, ఉద్యోగాల పోరాటం ఉద్యోగాల పోరాటమే. కానీ ఆ పోరాటాలకి రేపు అర్జీలు రాసేవాళ్ళు, కోర్టు కాగితాలు చదివేవాళ్ళు, గ్రామసభలో లేచి మాట్లాడేవాళ్ళు ఈరోజు ఏదో గూడెంలో లైను చివర ఇంట్లో కూర్చుని చదువుతున్నారు. వాళ్ళ పుస్తకం మీద వెలుతురు నిలబెట్టడం ఈ సెలవుల్లో మన చేతనయ్యే పని.

మీ గూడెం లెక్క తీసిన రోజు గ్రూపులో పెట్టండి. ఊరి పేరు, ఇళ్ళు ఎన్ని, పాత బల్బులు ఎన్ని, చివరి ఇంట్లో వోల్టేజ్ ఎంత. ఆ నాలుగు అంకెలు చాలు. పది గూడేల అంకెలు ఒకచోట చేరితే అర్జీ మేం తయారుచేస్తాం, సంతకాలు మీరు చేయించండి.

జోహార్.